రెండూ ఒకేలా ఉన్నాయి

పోయినేడాది నాన్నని కంటి పరీక్షకి తీసుకెళ్ళాను. ఆయనకి షుగర్ ఉంది కాబట్టి ఏడాదికోసారి కంటి లోపల చూపించుకోవాలి. వెళ్ళింది హైదరాబాద్‌లో ఒక కంటి ఆస్పత్రికి. విద్యార్థులకి చదువు కూడా అక్కడే. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి అక్షరాల చార్టు చదివించి, చుక్కలు వేసి, కళ్ళు మూసుకు కూర్చోమంది. ముప్పావుగంట తర్వాత పిలిచి స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం ఆనించమని, చేతిలో చిన్న లెన్స్ పట్టుకుని లోపలికి చూడ్డం మొదలుపెట్టింది.

చూస్తోంది, చూస్తూనే ఉంది. లెన్స్ కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి. లైటు పక్కకి జరిపింది. నాన్న కంట్లోంచి నీళ్ళు కారి గడ్డం కింద కాగితం తడిసింది. ఒకసారి ఆపి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టింది. మూడోసారికి నాన్న తల వెనక్కి లాక్కుని అన్నాడు: "ఏమ్మా, నేర్చుకోడానికి నా కళ్ళే దొరికాయా?"

ఆ అమ్మాయి "సారీ అంకుల్" అని కిందకి చూసింది. అప్పుడు నేను చాలా మర్యాదగా, ఆఫీసులో మెయిల్ రాసేటప్పుడు వాడే గొంతుతో, "ఒకసారి మేడంని పిలుస్తారా?" అన్నాను. మేడం వచ్చింది. అరనిమిషంలో రెండు కళ్ళూ చూసేసింది. అంతా బాగానే ఉంది, వచ్చే ఏడాది రండి అంది.

నాన్న కోపంతో అడిగిన మాటే గానీ, ప్రశ్నగా చూస్తే చాలా సరైన ప్రశ్న. నేర్చుకోడానికి ఆయన కళ్ళు కాకపోతే ఇంకెవరివి దొరకాలి?

ఆప్టోమెట్రీ అంటే చాలామందికి కళ్ళజోళ్ళ షాపులో నంబరు చెప్పే పని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మా పిన్ని కూతురు ఆ కోర్సులో చేరేదాకా. అప్పట్లో నాలుగేళ్ళ డిగ్రీ అది. మూడేళ్ళు క్లాసులు, ల్యాబులు, కొంచెం కొంచెంగా క్లినిక్కు. నాలుగో ఏడు పూర్తిగా ఇంటర్న్‌షిప్. మద్రాసులో శంకర నేత్రాలయ వాళ్ళు ఎలీట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ పెట్టింది 1985లో. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి 1987లో మొదలై, తర్వాత తనూ ఈ చదువు చెప్పడం మొదలుపెట్టింది. అయినా ఈ వృత్తికి డాక్టర్లకీ, నర్సులకీ, ఫార్మసిస్టులకీ ఉన్నట్టు చట్టం కింద ఒక జాతీయ వ్యవస్థ రావడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఆ ఏడాది వచ్చింది. అంతవరకూ ఎవరు ఎంత నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది చాలావరకు ఏ కాలేజీకి ఆ కాలేజీ ఇష్టం.

అవసరం చూస్తే చిన్నది కాదు. ప్రపంచంలో 220 కోట్లమందికి చూపు లోపం ఉందనీ, అందులో కనీసం 100 కోట్లమందిది నివారించగలిగిందో, ఇంకా చికిత్స అందనిదో అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదికలో రాసింది. వాళ్ళలో చాలామందికి కావలసింది ఆపరేషన్ కూడా కాదు, సరైన కళ్ళజోడు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి ఊరూరా శిబిరాలు పెట్టినప్పుడు ముందు కావలసి వచ్చింది అద్దాలు కాదు, ఆ అద్దం నంబరు తేల్చే మనుషులు. వాళ్ళు ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి కళ్ళ మీద నేర్చుకునే ఉంటారు.

పుస్తకంలో నేర్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. రెటినోస్కోపీ సంగతే చూడండి. చీకటిగదిలో ఒక సన్నటి గీత లాంటి వెలుతురుని కంటిపాప మీద అటూ ఇటూ ఆడిస్తారు. లోపలినుంచి ఎర్రగా ఒక ప్రతిఫలనం కనిపిస్తుంది. అది మన గీతతో పాటే కదులుతోందా, ఎదురు కదులుతోందా చూసి, లెన్సులు మారుస్తూ పోతే, ఒకచోట కదలిక ఆగిపోయి పాప మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది. అదే లెక్క. 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని చూస్తే వచ్చిన దాంట్లోంచి ఒకటిన్నర తీసెయ్యాలి. తెలీకుండా ముందుకి వంగి అరమీటరు దూరం నుంచి చూస్తే తీసెయ్యాల్సింది రెండు. అంటే కొత్త విద్యార్థి ఆత్రంగా కాస్త ముందుకి వాలితే చాలు, నంబరు అర డయాప్టర్ మారిపోతుంది. దీన్ని మాటల్లో ఇలా చెప్పగలను గానీ ఆ 'ఎదురు కదలడం' ఏంటో నాకు ఇప్పటికీ తెలీదు. మైకేల్ పొలాన్యీ తన 'పర్సనల్ నాలెడ్జ్'లో ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు చదవడం నేర్చుకునే వైద్య విద్యార్థి గురించి రాస్తాడు. మొదట్లో వాడికి పక్కటెముకలు, వాటి మధ్య ఏవో మచ్చలు తప్ప ఏమీ కనిపించదు. నిపుణులు లేనిదేదో ఊహించుకుని మాట్లాడుకుంటున్నారు అనిపిస్తుంది. వారాల తరబడి వింటూ చూస్తూ ఉంటే మెల్లగా పక్కటెముకలు వెనక్కి వెళ్ళి ఊపిరితిత్తులు కనిపించడం మొదలవుతుంది.

పొలాన్యీ విద్యార్థి ముందు ఉన్నది ఫిల్ము. దానికి కన్నీళ్ళు కారవు.

లోహంతో చేసిన బొమ్మ కన్ను ఒకటి ఉంటుంది ల్యాబులో. దాని మీద చేస్తారు. తర్వాత ఒకళ్ళ మీద ఒకళ్ళు. ఇరవయ్యేళ్ళ పిల్లల కళ్ళు అన్నీ ఇంచుమించు ఒకటే. శుక్లం ఉండదు, పాప చక్కగా తెరుచుకుంటుంది, చెప్పినవైపు చూస్తారు. అరవై ఎనిమిదేళ్ళ షుగర్ పేషెంటు, కొంచెం శుక్లం, కొంచెం విసుగు, మందేసినా పూర్తిగా తెరుచుకోని పాప — ఇది బొమ్మలో రాదు. ఇప్పుడు సిమ్యులేటర్లు వచ్చాయి, అవి మొదటి మెట్లు ఎక్కిస్తాయి. మా భాషలో చెప్పాలంటే స్టేజింగ్‌లో ఎంత నడిపినా ఒకరోజు ప్రొడక్షన్‌లో పెట్టక తప్పదు. ఇక్కడ ప్రొడక్షన్ అంటే మా నాన్న.

అతుల్ గవాండే 2002లో వచ్చిన 'కాంప్లికేషన్స్'లో ఈ ప్రశ్ననే తన ఇంట్లోకి తెచ్చుకున్నాడు. తను కత్తి పట్టడం నేర్చుకున్నది రోగుల మీద. తన తప్పులు వాళ్ళు భరించారు. తీరా పసిగుడ్డుగా ఉన్న సొంత కొడుక్కి గుండె జబ్బు వచ్చినప్పుడు, నేర్చుకుంటున్న యువ డాక్టరు చూస్తానన్నా సీనియర్నే ఎంచుకున్నాడు. ఇది న్యాయం కాదని అతనికి తెలుసు. అయినా అలాగే చేశాడు, చేశానని రాశాడు. నేను మేడంని పిలవమన్నప్పుడు చేసిందీ అదే. నోరున్నవాళ్ళమంతా ఇలా తప్పుకుంటే ఆ భారం ఎవరి మీద పడుతుంది? క్లినిక్కుల పుట్టుక గురించి ఫూకో రాసిన పుస్తకంలో దీనికి పాత జవాబు ఉంది. ధనికుడు ఆస్పత్రికి డబ్బిస్తాడు, పేదవాడు దాంట్లో చేరి తన రోగాన్ని చూపిస్తాడు, ఆ చూపు వల్ల వచ్చిన జ్ఞానం తిరిగి ధనికుడికి పనికొస్తుంది. మన దగ్గర దీన్ని ఎవరూ పుస్తకంలో చదవక్కర్లేదు. రికమండేషన్ ఉన్నవాళ్ళకి పెద్ద డాక్టరు, లేనివాళ్ళకి ఎవరుంటే వాళ్ళు.

కాబట్టి న్యాయం అనేది పంపకంలో ఉంది అనుకున్నాను చాలారోజులు. అందరూ కొంచెం కొంచెం భరించాలి, భరిస్తున్నామని తెలిసి భరించాలి. మనిషిని కేవలం సాధనంగా వాడకూడదు అని కాంట్ అన్నదాంట్లో 'కేవలం' అన్న మాట దగ్గరే ఉంది కిటుకంతా. ఆ అమ్మాయి నాన్న కంటిని చూడ్డంలో తప్పు లేదు. తాను నేర్చుకుంటున్నానని ఆయనకి ఎవరూ చెప్పలేదు, అదీ తప్పు. మెడలో కార్డు మీద ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఇంటర్న్ అని ఉంది. పాపకి మందేసిన కళ్ళతో దాన్ని చదవమంటే ఎలా? ఇంటికొచ్చాక నాన్న కూడా అన్నాడు: "ముందే చెప్పుంటే కూర్చునేవాణ్ణి కదరా. ముప్పై నాలుగేళ్ళు పిల్లల మధ్య గడిపినవాణ్ణి." జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారాయన.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ అమ్మాయి "సారీ అంకుల్" అన్నప్పుడు వంచిన తల ఎక్కడో చూసినట్టు అనిపించి, రెండ్రోజుల తర్వాత గుర్తొచ్చింది.

మా పిన్ని కూతురు చదివింది చెన్నైలో. దసరా సెలవలకి వచ్చినప్పుడు తెచ్చుకున్న లెన్సుల పెట్టె ముందేసుకుని ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టేది. నాకు క్రాస్ సిలిండర్ పెట్టింది. మీరు కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళైతే మీకు తెలుసు అది. చిన్న పిడికి బిగించిన లెన్స్ కంటి ముందు తిప్పుతూ, "ఒకటి బాగుందా? రెండు బాగుందా?" అని అడుగుతారు. నాకు రెండూ ఒకేలా కనిపించాయి. కానీ ఎదురుగా చెల్లి ఆశగా చూస్తోంది, నేను జవాబు చెప్తేనే ముందుకెళ్ళేలా ఉంది. "రెండు" అన్నాను. మళ్ళీ తిప్పింది. "ఒకటి." నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాను. చివరికి నా పాత కళ్ళజోడుతో పోల్చి చూసి, "అన్నయ్యా, నువ్వు అబద్ధాలు చెప్తున్నావ్" అంది. నవ్వుకున్నాం.

తర్వాత రెండు నెలలకేమో, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ఏడుస్తోందని అర్థమవడానికి కాసేపు పట్టింది. విషయం ఇదీ. కంటి వెనక నరం మొదలయ్యే చోట ఒక గుండ్రటి పళ్ళెం లాంటిది కనిపిస్తుంది, మధ్యలో చిన్న గుంట. ఆ పళ్ళేనికీ గుంటకీ ఉన్న నిష్పత్తి రాయాలి. 0.3 అలా ఉంటే మామూలు. గుంట పెద్దదయ్యేకొద్దీ గ్లాకోమా, అదే మన పెద్దవాళ్ళు నీటికాసులు అనేది, ఉందేమోనని అనుమానించాలి. అది చాలావరకు నొప్పి పెట్టదు, చెప్పిరాదు. పోయిన చూపు తిరిగి రాదు. ఆరోజు ఒక పెద్దాయనకి ఎంతసేపు చూసినా దానికి ఆ పళ్ళెం దొరకలేదు. వెనక నుంచి సూపర్‌వైజర్ "కనిపించిందా?" అని అడిగితే "కనిపించింది మేడం" అంది. షీటు మీద 0.3 అని రాసింది. రెండు కళ్ళకీ.

"అందరూ అదే రాస్తారన్నయ్యా" అంది. కనిపించకపోతే పాయింట్ త్రీ. వాళ్ళ బ్యాచ్‌లో అదొక జోకు. ఎవరైనా పరీక్ష ఎలా రాశావంటే 'పాయింట్ త్రీ' అనేవాళ్ళట.

నేనేం చెప్పానో నాకు బాగా గుర్తుంది. "వెనకాల డాక్టర్ చూస్తారు కదా. ఏం కాదులే, పడుకో" అన్నాను. ఇంజనీరు జవాబు. కోడ్ రాసినవాడు తప్పు చేస్తే రివ్యూ చేసేవాడు పట్టుకుంటాడు, వాడు వదిలేస్తే టెస్టింగ్‌లో దొరుకుతుంది. వరసగా ఇన్ని జల్లెళ్ళు ఉన్నాయి, నీది ఒక్కటి చిరిగితే ఏం? అని.

ఇప్పుడు ఆ జవాబు నాకు తప్పనిపిస్తుంది. తప్పని నా ఉద్యోగంలోనే తెలిసి ఉండాల్సింది. డేటాబేసు పట్టికలో ఒక గడి ఖాళీగా ఉండడం వేరు, దాంట్లో సున్నా ఉండడం వేరు. ఖాళీ అంటే 'తెలీదు'. సున్నా అంటే 'తెలుసు, ఏమీ లేదు'. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను ఖాళీలు వస్తే గ్రాఫు విరిగిపోతోందని వాటి చోట డిఫాల్టుగా సున్నా పెట్టాను. గ్రాఫు ఎంత అందంగా, ఎంత ప్రశాంతంగా వచ్చిందో! ఒక యంత్రం మూడువారాలుగా ఏమీ పంపట్లేదని ఎవరికీ తెలీలేదు. తర్వాత తెలిసినప్పుడు మా టీమ్‌లో ఒక పెద్దాయన నన్ను తిట్టలేదు గానీ, "ఖాళీ కనబడితే జనం వెతుకుతారు. సున్నా కనబడితే ఎవరు వెతుకుతారు?" అన్నాడు.

చెల్లి రాసిన 0.3 ఆ సున్నాయే. వెనకాల డాక్టర్ చూసేమాట నిజమే. కానీ ఆ డాక్టర్ ముందుకి వచ్చేది ఒక ఖాళీ కన్ను కాదు, 'మామూలే' అని ఎవరో చూసి చెప్పిన కన్ను. మధ్యాహ్నం రెండున్నరకి, బయట ఇంకో నలభైమంది ఉండగా, ఆ అంకె ఏ పనీ చెయ్యదని అనుకోను. ఒకవేళ ఆ డాక్టర్ బాగా చూసి దిద్దినా సరే, దిద్దకుండా మిగిలిపోయిన కాగితం ఒకటి ఉంటే, వచ్చే ఏడాది ఎవరో 0.6 చూసి పోయినేటి 0.3తో పోలుస్తారు. ఎప్పుడూ చూడని దానితో చూసినదాన్ని పోల్చడం అన్నమాట. గ్లాకోమాలో అసలు ప్రశ్నే 'పోయినసారికీ ఇప్పటికీ ఏమన్నా మారిందా' అన్నది.

ఎందుకు రాశావని అప్పుడు అడగలేదు. ఇది రాద్దామనుకున్నాక ఫోన్ చేసి అడిగాను. తనిప్పుడు ఒక చిన్న పట్నంలో కంటి కేంద్రంలో పనిచేస్తోంది. ఆ పెద్దాయన పేరు గుర్తులేదట, గళ్ళచొక్కా గుర్తుందట. క్లినిక్కులో మొదటివారం నిజంగానే "కనిపించలేదు" అని చెప్పిందట. సూపర్‌వైజర్ పేషెంటు ముందే "రెండేళ్ళు ఏం చదివావ్?" అంది. పేషెంటు ఆ తర్వాత దాన్ని ముట్టుకోనివ్వలేదు. ఆ రోజు లాగ్‌బుక్‌లో సంతకాలు పడలేదు. ఇన్ని కేసులు అవ్వాలని లెక్క, సంతకం పెట్టేదీ మార్కులేసేదీ ఆవిడే. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, ఏడుగురు పిల్లలకి ఒక్కతే, పైగా తన పేషెంట్లు తనకి ఉన్నారు, అని కూడా చెల్లే అంది. నాకంటే దానికి జాలెక్కువ.

ఇంకో సంగతి చెప్పింది. గుంటూరు పిల్ల చెన్నై క్లినిక్కులో కూర్చుని మొదట నేర్చుకున్న తమిళం "మేలే పారుంగ, కీళే పారుంగ". పైకి చూడండి, కిందకి చూడండి. దాంతో కన్ను కదులుతుంది గానీ కథ రాదు. ఒక ముసలావిడ పావుగంట చెప్పుకుంది తన బాధంతా. ఈ పిల్లకి అర్థమైంది పది మాటలు. షీటు మీద 'చూపు మసక' అని ఒక్క ముక్క రాసింది. ఇదీ పాయింట్ త్రీయే కదా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. హైదరాబాద్‌లో చదివే బెంగాలీ, మలయాళీ పిల్లల పరిస్థితీ ఇదే అయి ఉంటుంది. మన పల్లెటూరి మనిషి 'పొర కమ్మింది' అంటాడు, 'కంట్లో పువ్వు పడింది' అంటాడు, 'చత్వారం వచ్చింది' అంటాడు. నలభై అనే చత్వారింశత్ లోంచి వచ్చిన ఆ చివరి మాటలో వయసూ జబ్బూ రెండూ ఉన్నాయి. ఒక్కో మాటా ఒక్కో పరీక్షకి దారి. ఆ దారి తెలీని పిల్లలకి కొంచెం తెలుగు నేర్పించడం, పక్కన భాష వచ్చిన తోటి విద్యార్థిని కూర్చోబెట్టడం, వీటిని కాలేజీలు అదనపు సౌకర్యం కింద లెక్కేస్తాయి. అవి చదువులోనే భాగం కాదా?

విద్యార్థులకి అండ అనగానే మనకి గుర్తొచ్చేది కౌన్సెలర్ గది, గోడమీద ధైర్యం చెప్పే పోస్టరు, యోగా దినోత్సవం. వాటిని వెక్కిరించను, అవసరమైనవాళ్ళకి అవసరం. కానీ అవి చదువు ఒకపక్క, పిల్లల మనసు ఇంకోపక్క అని విడదీస్తాయి. కంటి పరీక్షలో ఆ రెండూ అలా విడిపోవు. గోల్డ్‌మన్ టోనోమీటర్‌తో కంటి ఒత్తిడి చూస్తారు. నల్లగుడ్డుకి మత్తుచుక్క వేసి, పసుపురంగు అద్ది, నీలం వెలుతుర్లో చిన్న మొనని ఆనిస్తారు. రెండు ఆకుపచ్చ అర్ధవృత్తాలు కనిపిస్తాయి. వాటి లోపలి అంచులు కలిసేదాకా చక్రం తిప్పాలి. పేషెంటు కళ్ళు చికిలిస్తుంటే రెప్పల్ని వేళ్ళతో పట్టుకోవాలి. ఆ పట్టుకోవడంలో కొత్త విద్యార్థి భయంతో గుడ్డు మీద కాస్త నొక్కితే ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది. పేషెంటు ఊపిరి బిగబట్టినా అంతే. 21 దాటితే అనుమానం, మళ్ళీ రమ్మనడం, ఇంకో రోజు కూలి పోవడం. విద్యార్థి వేళ్ళలో భయం పేషెంటు షీటు మీద పాదరసం మిల్లీమీటర్లుగా దిగుతుంది. ఈ పిల్ల గుండె దడ తగ్గించడం దయ కింద వస్తుందా, పరికరాన్ని సరిచూసుకోవడం కింద వస్తుందా?

కాబట్టి నాకు కావాలనిపించేవి చాలా మామూలువి. షీటు మీద '0.3' రాసే చోట 'చూడలేకపోయాను' అని రాయడానికి ఒక గడి. అది నింపినందుకు సంతకం ఆగకూడదు. స్లిట్ ల్యాంప్‌కి కెమెరాయో, పక్కనుంచి చూసే రెండో గొట్టమో బిగిస్తే విద్యార్థి చూస్తున్నదే సూపర్‌వైజర్ కూడా చూడొచ్చు. అప్పుడు 'కనిపించిందా?' అన్న ప్రశ్నే మారిపోతుంది, 'ఇదిగో, ఇక్కడ' అవుతుంది. ఇలాంటివి ఉన్నాయి, కొన్నిచోట్ల వాడుతున్నారు కూడా. మార్కులేసే మనిషీ, 'నాకు రాలేదు' అని వెళ్ళి చెప్పుకునే మనిషీ ఒక్కరే కాకుండా చూడాలి. ఇక పేషెంటుకి కుర్చీలో కూర్చోకముందే, తన భాషలో చెప్పాలి: ముందు విద్యార్థి చూస్తారు, తర్వాత పెద్దవాళ్ళు చూస్తారు, వద్దంటే మీ వరసేమీ వెనక్కిపోదు.

ఈ మాటలు నాన్నతో అంటే ఒప్పుకోలేదు. "భయం లేకపోతే చదువెట్లా వస్తుందిరా?" అన్నాడు. ఆయన క్లాసులో 'తెలీదండి' అన్నవాడికి స్కేలు దెబ్బ ఖాయం. నాకూ పడ్డాయి. పంతొమ్మిదో ఎక్కం ఇప్పటికీ నిద్రలో చెప్తాను కాబట్టి ఆయన మాట ఊరికే కొట్టిపారెయ్యలేను. వైద్యంలో కఠినంగా ఉండే గురువు వల్ల బాగుపడినవాళ్ళూ ఉన్నారు. కానీ లెక్కల పుస్తకం చివర జవాబులుంటాయి. 'తెలుసు' అని బొంకినవాడు తర్వాతి నిమిషంలో దొరికిపోతాడు. మనిషి కంటికి చివరిపేజీ ఉండదు. బొంకినవాడు దొరకడు, అలవాటు పడతాడు. అలవాటు పడ్డవాడికి లాగ్‌బుక్ తొందరగా నిండుతుంది. చూడలేని వాళ్ళని, ఎంత నేర్పినా చెయ్యి తిరగని వాళ్ళని ఆపాల్సిందే, అందులో మొహమాటం ఉండకూడదు. అయితే వాళ్ళెవరో తెలియాలి కదా. ఇప్పుడున్న పద్ధతిలో ఆగేది 'కనిపించలేదు' అన్నవాడు, పాసయ్యేది పాయింట్ త్రీ.

"నీ క్లాసులో స్కేలు దెబ్బకి భయపడి ఎంతమంది పక్కవాడిది కాపీ కొట్టారో నీకు తెలుసా?" అని అడిగాను. "తెలుసు" అన్నాడు. కాసేపాగి, "అందరూ తెలీదులే" అన్నాడు.

ఈ ఏడాది మళ్ళీ వెళ్ళాం, అదే ఆస్పత్రి. ఈసారి ఒక కుర్రాడు. ఏం మారిందో, లేక ఇతని తీరే అంతో తెలీదు, మొదటే "నేను ఫైనలియర్ స్టూడెంట్‌ని అంకుల్, నేను చూశాక సార్ చూస్తారు, పర్లేదా?" అన్నాడు. నాన్న మాస్టారి తరహాలో తలాడించాడు. బరువైన ఫ్రేము ముక్కుమీద పెట్టి, లెన్సులు మార్చి, ఆ పిడి ఉన్న లెన్సు తీశాడు. ఒకటా, రెండా? నాన్న జవాబులు టకటకా వచ్చేస్తున్నాయి. ఒకటి. రెండు. రెండు. తడబడితే పరువు పోతుందన్నట్టు. ఆ కుర్రాడు లెన్సు తిప్పడం ఆపి అన్నాడు: "తేడా తెలీకపోతే తెలీట్లేదనే చెప్పండి అంకుల్. రెండూ ఒకేలా ఉన్నాయని మీరు చెప్పేదాకానే నేను తిప్పేది."

నాకు ఆ పరీక్ష సంగతి ఇన్నేళ్ళకి అర్థమైంది. అది ఆగాల్సిందే అక్కడ. ఒకటీ రెండూ సమానంగా మసగ్గా కనిపించినప్పుడు లెక్క కుదిరినట్టు. చెల్లి ఆరోజు నా నోటి నుంచి ఎదురుచూసింది ఆ మాట కోసమే, నేను మాత్రం దాన్ని సంతోషపెట్టడానికి పోటీపడి జవాబులిచ్చాను.

నాన్న ఆ ఫ్రేముతోనే నావైపు తిరిగాడు, నేనేదో అనుమతి ఇవ్వాలన్నట్టు. తర్వాత అటు తిరిగి, "ఒకేలా ఉన్నాయయ్యా" అన్నాడు.

చుక్కలు, ముప్పావుగంట, మళ్ళీ స్లిట్ ల్యాంప్. ఎడమకన్ను తొందరగానే అయింది. కుడికన్ను దగ్గర కుర్రాడి భుజాలు బిగుసుకోవడం నాకు వెనకనుంచి కనిపిస్తోంది. లెన్స్ ముందుకి, వెనక్కి. నాన్న కంట్లో నీళ్ళు. చివరికి కుర్రాడు వెనక్కి జరిగి, "కుడికన్ను నాకు సరిగ్గా అందట్లేదు అంకుల్, సార్‌ని పిలుచుకొస్తాను" అని లేచాడు.

నాన్న చేతిగడియారం మొహానికి దూరంగా పెట్టుకుని చూసుకున్నాడు. మందేసిన కళ్ళకి ముల్లు ఆనలేదు. టైమెంతయిందని నన్నడిగాడు. పన్నెండూ పది అన్నాను.

"ఇంకోసారి చూడవయ్యా," అన్నాడు గడ్డం మళ్ళీ ఆనిస్తూ, "తర్వాత పిలుద్దువుగాని."